బుష్ ప్రసంగమా, ఆర్డెర్న్ ప్రసంగమా?

ఉగ్రవాదం మీద వక్తృత్వ పోటీ అంటే విజయనగరంలో మా డిగ్రీ పిల్లలు ముందు అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్‌నే పట్టుకుంటారు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2001 సెప్టెంబర్ 20న అమెరికా కాంగ్రెస్‌లో ఆయన దేశాలన్నిటినీ నిలదీశాడు: మాతో ఉంటారా, ఉగ్రవాదులతోనా? మధ్యలో నిలబడి ప్రశ్న అడిగేవాడికి చోటే లేదు. ముస్లింల మతాన్ని గౌరవిస్తామని కూడా అందులోనే అన్నాడు, కానీ అదెవరికి గుర్తుంది?

2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిగిన నాలుగో రోజున న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ‘అస్సలామ్ అలైకుమ్’ అంటూ మొదలుపెట్టారు. హంతకుడి పేరు తన నోట రాదన్నారు. పోయినవాళ్ల పేర్లే పలకమన్నారు. పేరు కోసమే చంపేవాడికి అంతకన్నా దెబ్బేముంటుంది? రెండు రోజులకే సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల నిషేధమూ ప్రకటించారు.

గొంతు పెంచి చప్పట్లు కొట్టించుకోవడానికి బుష్ సులువు. రెండోది ఎంచుకుంటే మార్కులు పడవేమోనని పిల్లలకు టెన్షన్. జడ్జిగా కూర్చోబెడితే నా మార్కులు మాత్రం ఆర్డెర్న్‌కే.