అద్దె పెంపుకు కళ్లెం: ఒరెగాన్ మేలా, కాలిఫోర్నియా మేలా?

రాష్ట్రమంతటా అద్దె పెంపుకు పరిమితి పెట్టిన తొలి అమెరికా రాష్ట్రం ఒరెగాన్, 2019లో. కాలిఫోర్నియా చట్టం 2020 జనవరిలో అమల్లోకొచ్చింది.

ద్రవ్యోల్బణం 3 శాతం అనుకోండి. 2,000 డాలర్ల అద్దె మీద కాలిఫోర్నియాలో ఏడాదికి 160 డాలర్లు పెంచొచ్చు (5 శాతం ప్లస్ ద్రవ్యోల్బణం). ఒరెగాన్‌లో 7 శాతం ప్లస్, అంటే 200. రెండుచోట్లా 10 శాతం దాటకూడదు.

అసలు మెలిక మినహాయింపుల్లో ఉంది. కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లకు రెండు చట్టాలూ వర్తించవు. కాలిఫోర్నియాలో కంపెనీల పేరిట కాక వ్యక్తుల పేరిట ఉన్న విడి ఇళ్లనూ వదిలేశారు, ఆ సంగతి అద్దెకుండేవాళ్లకు ఓనర్ రాతపూర్వకంగా చెబితే చాలు. ఒరెగాన్‌లో ఆ కిటుకు పనిచేయదు. అందుకే కాలిఫోర్నియా నగరమైన ఫ్రీమాంట్‌లో పాత అపార్ట్‌మెంటైతే కాలిఫోర్నియా చట్టమే నయం. విడి ఇల్లు అద్దెకు తీసుకునే కుటుంబానికి ఒరెగాన్ చట్టమే అండ. ఖాళీ చేశాక కొత్తవాళ్లకు ఎంత చెప్పాలన్నది, మామూలుగా, రెండుచోట్లా ఓనర్ ఇష్టమే.