60 సెకండ్స్! రీఆటమైజ్డ్: బాంబు ఒక సాకు, అసలు ఆట సూపు డబ్బాల లెక్క

'60 సెకండ్స్!' అనే ఈ కంప్యూటర్ గేమ్‌ని, అణుయుద్ధం ఆట కదా అని తుపాకులు, పేలుళ్లు ఊహించుకుని కొంటే మాత్రం నిరాశే. ఇందులో బాంబు పడేది ఒక్కసారే, అదీ మొదటి నిమిషంలో. ఆ తర్వాత అంతా నేల కింద ఒక గది, నలుగురు మనుషులు, కొన్ని టమాటా సూపు డబ్బాలు, నీళ్ల సీసాలు. మొదటి వెర్షన్ 2015లో వచ్చింది. నేను ఆడేది దాన్నే మెరుగుపరిచి 2019లో తెచ్చిన రీఆటమైజ్డ్. హనుమకొండలో మా ఇంటి కంప్యూటర్‌లోంచి చాలా ఆటలు పోయాయి, ఇది మాత్రం ఏళ్లుగా అట్లనే ఉంది.

కథ 1950ల అమెరికాలోది. సైరన్ మోగుతుంది. టెడ్ అనే తండ్రిని 60 సెకండ్ల పాటు ఇల్లంతా ఉరికించి, చేతికందిన సామాను ఆ నేల కింది గదిలో, అంటే షెల్టర్‌లో వేయించాలి. ఒక విడతకు నాలుగు సామాన్లకు మించి పట్టవు. భార్య డోలొరెస్, కూతురు మేరీ జేన్, కొడుకు టిమ్మీ కూడా ఈ లెక్కలో సామానే. మనిషిని ఎత్తుకుంటే డబ్బాలకు చోటు తగ్గుతుంది. ఎవరినైనా వదిలేస్తే ఆ తర్వాత వాళ్లు కథలోనే ఉండరు. ఇల్లు ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఏ గదిలో ఏముందో కంఠతా పట్టి లాభం లేదు. ఈ భాగం సరదాగానే ఉంటుంది, కానీ నాకు తొందరగా మొహం మొత్తింది. సర్వైవల్ అని వేరే మోడ్ ఉంది, అందులో ఈ ఉరుకులాట లేకుండా నేరుగా షెల్టర్‌లోనే మొదలవుతుంది. ఇప్పుడు ఎక్కువగా అదే ఆడుతున్నాను.

కష్టం స్థాయిలకు పెట్టిన పేర్లు మాత్రం నాకు మింగుడు పడలేదు. సులువైనదానికి లిటిల్ బాయ్, మధ్యదానికి ఫ్యాట్ మ్యాన్, కఠినమైనదానికి జార్ బాంబా. మొదటి రెండూ 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద వేసిన అణుబాంబుల పేర్లు. మూడోది 1961లో సోవియట్ యూనియన్ పరీక్షించింది. హిరోషిమా బాంబు పేలుడు శక్తి సుమారు 15 కిలోటన్నులైతే దీనిది 50 మెగాటన్నులు, మూడువేల రెట్ల పైమాటే. ఊరికి ఊరినే కాల్చిన బాంబు పేరు 'ఈజీ'కి పెట్టడం వెటకారమే అనుకుందాం. ఆ వెటకారం నాకు నచ్చలేదు.

షెల్టర్‌లో రోజుకో డైరీ పేజీ. ఎవరికి ఆకలి, ఎవరికి జ్వరం, ఎవరి మతి చెడుతోంది, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఇవాళ ఎవరికి సూపు, ఎవరికి నీళ్లు, బయటికి ఎవరిని పంపాలి అన్నది మనం తేల్చాలి. ఒక డబ్బా నలుగురికి ఒక పూటకు వస్తుంది. ఎక్కువ రోజులు నెగ్గాలంటే కిటుకు ఒకటే: డైరీలో 'ఆకలి' అని పడేదాకా ఎవరికీ పెట్టకూడదు. ఆట తెలిసినవాళ్లంతా అట్లనే ఆడతారు.

మా అమ్మ ఆడదు. ఆటలో తెలుగు లేదు కాబట్టి డైరీ నేను చదివి చెప్తుంటే ఆమె తీర్పు ఇస్తుంది. "ఆ పిల్లగాడు ఆకలైతుందని నోరు తెరిచి అడిగేదాక ఆగుడేంది? పెట్టు ముందుగాల" అంటుంది. ఆమె లెక్కన పిల్లలకు రోజు విడిచి రోజు, డోలొరెస్‌కు అందరి తర్వాత. డబ్బాలు తొందరగా ఖాళీ అవుతాయి, డోలొరెస్ ముందు పడిపోతుంది. వరుసగా ఎన్నిసార్లు ఇట్లయినా పద్ధతి మార్చలేదు. ఏ ఇంట్లోనైనా వండినామె తినేది ఆఖరికే కదా. ఇంత చిన్న ఆటలో ఆ సంగతి ఇంత సూటిగా తగలడం నేను ఊహించలేదు. నా దృష్టిలో దీని విలువంతా ఇక్కడే ఉంది.

బాపుది ఇంకో గొడవ. మా నాన్న సింగరేణి బొగ్గు బాయిలో దిగి పనిచేసి రిటైరైన మనిషి. తెర మీద ఆ గదిని చూడగానే అడిగిన మొదటి మాట: "గాలి ఏడికెళ్లి వస్తుందిరా? ఇంటేక్ ఏది, రిటర్న్ ఏది?" అంటే గాలి లోపలికొచ్చే దారి, బయటికి పోయే దారి. బొగ్గు గనిలో మనుషులు పనిచేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, బయటికి రెండు దారులుండాలి. ఆటలో ఉన్నది ఒకటే మూత, ఫ్యాన్ లేదు. నీళ్లదీ అంతే. నలుగురు మనుషులకు 20 లీటర్ల క్యాను తాగడానికే రెండు మూడు రోజులకు మించి రాదు. వీళ్లు మాత్రం ఒక గుక్క తాగి నాలుగైదు రోజులు గడిపేస్తారు.

అసలైన అణుధూళితో, అంటే పేలుడు తర్వాత నేలకు రాలే రేడియోధార్మిక ధూళితో పోలిస్తే ఇంకా తేడా. పేలుడు తర్వాత కాలం ఏడు రెట్లయిన ప్రతిసారీ రేడియేషన్ తీవ్రత దాదాపు పదో వంతుకు పడిపోతుంది. గంట తర్వాత ఉన్నదానిలో ఏడు గంటలకు పదో వంతు, రెండు రోజులకు నూరో వంతు, రెండు వారాలకు వెయ్యో వంతు. అంటే మొదటి రెండు రోజులూ తల బయట పెట్టకపోవడమే ముఖ్యం, మూడడుగుల మట్టి అడ్డముంటే చాలావరకు ఆపుతుంది. ఆటలో ఈ తేడా లేదు, ఎన్ని రోజుల తర్వాతైనా మనిషిని గ్యాస్ మాస్క్ లేకుండా బయటికి పంపితే జబ్బుతో రావచ్చు. 2025 మే 7న హైదరాబాద్‌లో పౌర రక్షణ మాక్‌డ్రిల్ సైరన్లు మోగించినప్పుడు మా గల్లీలో చాలామంది అడిగింది, ఎన్ని రోజులు లోపలుండాలె అనే. దానికి జవాబు ఈ ఆటలో దొరకదు.

చాలాకాలం ఆడితే బయటపడే లోపం ఒకటుంది. సంఘటనలు తిరిగి తిరిగి అవే వస్తాయి. తలుపు తట్టింది ఎవరో మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. కొన్నిసార్లు లెక్కంతా సరిగ్గా చేసినా, బయటికి పోయిన మనిషి తిరిగి రాడు, కారణం ఉండదు. అది నిజానికి దగ్గరే, కానీ ఆటగాడికి కోపం తెప్పిస్తుంది.

కొనేవాళ్లకు రెండు మాటలు. డిస్కౌంట్ పడ్డప్పుడు తీసుకోండి. పరుగెత్తే భాగానికి ఫోన్ కంటే కీబోర్డే నయం. డబ్బాల మీద ఆశపడి రేడియో వదిలేయకండి, షెల్టర్‌లోంచి కాపాడే మిలిటరీ పిలుపు అందుకోవాలంటే అదే దిక్కు. నేనైతే ఐదుకు మూడున్నర ఇస్తాను. అమ్మ నాలుగంటుంది, మధ్యలో ఒక పిల్లి వస్తుంది కాబట్టి.