అమ్మాయిని గైడ్స్‌లో చేర్చాలా, ఎన్‌సీసీలోనా?

రెండింటిలోనూ యూనిఫాం, పరేడ్, క్యాంపులు ఉంటాయి. అందుకే చాలామంది తల్లిదండ్రులకు రెండూ ఒకటే అనిపిస్తాయి. పుట్టుక చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది.

1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బాలల స్కౌట్ ర్యాలీ జరుగుతుంటే, పిలవకుండానే కొందరు ఆడపిల్లలు వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. కాదనలేక స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పొవెల్ మరుసటి ఏడాది తన చెల్లెలు ఆగ్నెస్‌కు ఆ పని అప్పగించాడు. అలా వచ్చింది గర్ల్ గైడ్స్. 1911లో జబల్పూర్‌లో మన దేశపు తొలి గైడ్స్ కంపెనీ, అంటే దళం, మొదలైంది. 1951లో గైడ్లు కూడా వచ్చి కలిశాక భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఒకే సంస్థ అయింది.

ఎన్‌సీసీది వేరే దారి. కుంజ్రూ కమిటీ సిఫారసు మీద 1948లో చట్టం చేసి పెట్టారు, అమ్మాయిల విభాగం మరుసటి ఏడాది చేర్చారు. ఆ హృదయనాథ్ కుంజ్రూ అంతకుముందు సేవా సమితి స్కౌట్లను నడిపినవాడే! స్కౌటింగ్ తెలిసిన మనిషే, సైన్యం నీడలో ఇంకోటి కావాలన్నాడు.

గైడ్స్‌లో ఆరు నుంచి ఎనిమిది మంది ఒక చిన్న జట్టు, దాన్నే ‘పెట్రోల్’ అంటారు. అందులో ఒకమ్మాయి లీడర్. పదేళ్ల పిల్లకు ఇది సరిగ్గా సరిపోయే సైజు. రీఫ్ ముడి నేర్పేటప్పుడు ఊరికే తాడు ఇవ్వరు. మెడలో స్కార్ఫు తీసి, పక్కపిల్ల చేతికి కట్టు వేయమంటారు. ముడి చదునుగా ఉండాలి, ఒత్తుకోకూడదు, మళ్లీ తేలిగ్గా ఊడాలి. తప్పు కడితే పక్కపిల్లే చెప్పేస్తుంది. తర్వాత ప్రథమ సోపాన్ నుంచి రాష్ట్రపతి అవార్డు దాకా మెట్లు ఉన్నాయి.

ఎన్‌సీసీలో మైదానం పెద్దది. సావధాన్, విశ్రామ్ అంటే వరుస మొత్తం ఒక్కసారి కదలాలి. రైఫిల్ షూటింగ్ కూడా ఉంటుంది. బిడియం వదలడానికి ఇంత మంచి మందు లేదు. బడిలో ‘ఏ’ సర్టిఫికెట్, కాలేజీలో ‘బీ’, ‘సీ’ ఇస్తారు. ‘సీ’ సర్టిఫికెట్‌లో మంచి గ్రేడు ఉంటే, మిగతా అర్హతలు కూడా ఉన్న డిగ్రీ అమ్మాయి రాతపరీక్ష లేకుండా సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకి పిలుస్తారు. గైడ్స్‌కూ రైల్వే కోటా లాంటివి లేకపోలేదు, కానీ సర్టిఫికెట్ బరువులో ఎన్‌సీసీదే పైచేయి. ఎన్‌సీసీలో చేరితే సైన్యంలోకి పట్టుకుపోతారన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు, చట్టంలోనే అలాంటి బాధ్యత లేదు.

నన్నడిగితే, ఐదు, ఆరు తరగతుల పిల్లకు గైడ్సే మేలు. తన మాట వినే ఆరుగురిని నడిపించడం ముందు రావాలి, వందమందితో అడుగు కలపడం తర్వాతైనా వస్తుంది. కాలేజీకి వెళ్లాక, పోలీసు, సైన్యం మీద మనసుంటే ఎన్‌సీసీ గురించి రెండోసారి ఆలోచించే పనిలేదు. చిక్కంతా ఎన్‌సీసీ సీటు దొరికే ఎనిమిదో తరగతిలోనే. అప్పటికి గైడ్స్‌లో తృతీయ సోపాన్ దాకా వచ్చిన పిల్లను మధ్యలో లాగేయొద్దు.

ఇంకో మాట, ఫారం మీద సంతకం పెట్టే ముందు గైడ్ కెప్టెన్ టీచర్‌ను కలిసి వారం వారం మీటింగు జరుగుతుందా అని అడగండి. పేరుకే కంపెనీ ఉండి ఆగస్టు 15కి మాత్రమే స్కార్ఫులు బయటికి తీసే బడి అయితే, ఎన్‌సీసీ సీటు కోసం ఎనిమిది దాకా ఆగడమే నయం.