మదద్ పోర్టల్: కువైట్‌లో ఇరుక్కున్న మనిషికి ఎంతవరకు పనికొస్తుంది?

రాజంపేట, రాయచోటి పక్క కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. అక్కడ జీతం ఆగినా, మనిషి జాడ తెలియకపోయినా ఇంట్లోవాళ్లు ముందు ఏజెంటు దగ్గరికే పరుగెత్తుతారు. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. అది అక్కడి మన ఎంబసీకి చేరుతుంది. మనకొక నంబరు వస్తుంది, దాంతో ఫిర్యాదు ఎంతదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

ఫిర్యాదు చెడేది ఎక్కువగా ఫారం దగ్గరే. పాస్‌పోర్టు నంబరు, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరు, ఫోను, పనిచేసే ఇంటి చిరునామా ఉండాలి. ఊరికే "మావాడు కష్టాల్లో ఉన్నాడు" అని రాస్తే ఎంబసీ ఎవరికి ఫోన్ చేస్తుంది? వీసా 18వ నంబరుదా, 20వ నంబరుదా అన్నదీ రాయండి. మొదటిది కంపెనీ పని, రెండోది ఇంటిపని. రెండింటికీ అక్కడ చట్టాలు వేరు. నెట్ సెంటర్ వాళ్ల ఈమెయిల్‌తో మాత్రం రిజిస్టర్ చేయించొద్దు, జవాబులు వాళ్లకే పోతాయి.

రాయబారి తలుచుకుంటే జైలు నుంచి విడిపిస్తాడని చాలామంది నమ్మకం. దౌత్యవేత్తల రక్షణ గురించి దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం ప్రకారం రాయబారిని అరెస్టు చేయకూడదు, అక్కడి కోర్టులో క్రిమినల్ కేసు నడపకూడదు. ఆ రక్షణ ఆయన విధుల కోసం ఇచ్చింది. మన కూలీకి వర్తించదు. పైగా అదే ఒప్పందం 41వ అధికరణం ఆ దేశపు చట్టాలను గౌరవించాలని, దాని లోపలి వ్యవహారాల్లో తలదూర్చకూడదని ఆయన్నే కట్టడి చేస్తుంది. కోర్టు తీర్పు మార్చడం ఆయన చేతిలో లేదు.

చేతిలో ఉన్నది 1963 కాన్సులర్ ఒప్పందం (పరాయి దేశంలో ఉన్న తమ మనుషులకు ఎంబసీ చేసే సాయం గురించినది), 36వ అధికరణం. అరెస్టయిన మనిషి అడిగితే పోలీసులు ఆలస్యం చేయకుండా ఎంబసీకి చెప్పాలి. అధికారి జైల్లో కలవొచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయొచ్చు. అడిగితేనే సుమా! కువైట్ పోయేవాళ్లకు ఈ ఒక్క మాట ముందే నేర్పి పంపాలి. ఫిర్యాదులో అరెస్టు తేదీ, స్టేషన్ పేరు తప్పక రాయండి.

కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఎంబసీ ఔట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) ఇవ్వగలదు. కానీ ఆ దేశం దాటనివ్వాల్సింది కువైట్ వాళ్లే. మనిషి పని వదిలి పారిపోయాడని కఫీల్ పరారీ కేసు పెట్టి ఉంటే ముందు అది తేలాలి, ఆలస్యం అక్కడే మొదలవుతుంది.

పోర్టల్‌లో లోటు ఒకటుంది: ఫారం ఇంగ్లిష్‌లో ఉండటం. పల్లెల్లో ఆడవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి, తెలుగులో రావాల్సిందే. 5కి 3.5 ఇస్తాను.