ఆరేళ్లుగా వాడుతున్న ఫ్రాంస్వా–గారిసన్ శోషణ సూత్రం

సముద్రపు అడుగు పటాల కోసం 300 కిలోహెర్ట్జ్ మల్టీబీమ్ సోనార్‌తో (ధ్వని కిరణాలను విసనకర్రలా అడుగుకు పంపి ప్రతిధ్వనులు వినే పరికరం) పని చేస్తాను. ఉప్పునీరు ధ్వనిని ఎంత మింగేస్తుందో లెక్కగట్టడానికి 1982 నాటి ఫ్రాంస్వా–గారిసన్ సూత్రాన్ని ఆరేళ్లుగా వాడుతున్నాను. అంతకుముందు సోనార్‌లో ఎప్పుడో పెట్టిన ఒకే విలువతో ఏడాది పొడవునా నెట్టుకొచ్చేవాళ్లం.

దాని ఫలితం ఒక పటంలో బయటపడింది. ఒకే ఇసుక మేటను సగం చలికాలంలో, సగం వేసవిలో సర్వే చేశాం. ప్రతిధ్వని ఎంత బలంగా ఉంటే పటం అంత తెల్లగా వస్తుంది. రెండు భాగాలు కలిసేచోట గీత గీసినట్టు ఇటు తెలుపు, అటు నలుపు. ఇసుక మారలేదు, నీరు మారింది. లవణీయత 35 (కిలో నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు) ఉన్నచోట, మా పౌనఃపున్యం దగ్గర, 5 డిగ్రీల నీటిలో కిలోమీటరుకు సుమారు 66 డెసిబెల్లు పోతే 25 డిగ్రీల నీటిలో 120 పోతాయి. అంచు కిరణం రానుపోను 120 మీటర్లు తిరిగితే ఆ తేడా 6 డెసిబెల్లు దాటుతుంది. మా రెండు సర్వేల మధ్య అందులో సగమే ఉన్నా గీత పడింది.

బోరిక్ ఆమ్లం, మెగ్నీషియం సల్ఫేట్, స్వచ్ఛమైన నీరు: మూడింటి వాటాలనూ ఈ సూత్రం విడివిడిగా చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది అదే. వెచ్చని నీరు ఎప్పుడూ ఎక్కువ మింగుతుందనుకునేవాణ్ని. 30 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్క తిరగబడింది: కిలోమీటరుకు 5 డిగ్రీల దగ్గర 7.5 డెసిబెల్లు, 25 డిగ్రీల దగ్గర 4.4. నీరు వేడెక్కేకొద్దీ మెగ్నీషియం సల్ఫేట్ స్పందించే పౌనఃపున్యం 57 నుంచి 171 కిలోహెర్ట్జ్‌కు, అంటే 30కి ఇంకా దూరంగా, జరగడమే కారణం. 4,000 మీటర్ల లోతున పీడనం వల్ల ఆ లవణం వాటా దాదాపు సగానికి పడిపోతుంది. పీహెచ్ ప్రభావం కొన్ని కిలోహెర్ట్జ్‌ల లోపే. నా పనికి 8 అని పెట్టి వదిలేస్తాను.

చిక్కల్లా నదీముఖాల దగ్గరే. సూత్రం ఒక్క ఉష్ణోగ్రత, ఒక్క లవణీయత అడుగుతుంది, నీరేమో పొరలు పొరలుగా ఉంటుంది. ఒకసారి సీటీడీ (లోతు లోతుకూ నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే పరికరం) దించితే పైన లవణీయత 12, ఆరు మీటర్ల కింద 33. పైనుంచి బకెట్‌తో తోడిన నీటిని నమ్ముకుని ఉంటే ఆ రోజు డేటా అంతా వృథా అయ్యేది. పొర పొరకూ విడిగా లెక్కించి, మందాన్ని బట్టి సగటు తీయాల్సి వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే ఒకసారి, పోటు తిరిగాక మరోసారి సీటీడీ దించనిదే పడవ కదలనివ్వను.