చేతి ఆసు, యంత్రం ఆసు: ఏది మేలు?

పోచంపల్లి పట్టుచీర నేసే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడమే ఆ పని. చేత్తో అయితే ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి ఆడించాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేస్తారు. భుజాలు, మోచేతులు పట్టేస్తాయి.

తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. దీనితో చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చేతి ఆసుకు కరెంటు అక్కర్లేదు, పెట్టుబడీ తక్కువే. అయినా నా ఓటు యంత్రానికే. చీర అందమంతా చిటికీలు కట్టడంలో (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడం), రంగులద్దడంలో, మగ్గం మీది నేతలో ఉంది. యంత్రం వాటి జోలికి పోలేదు, భుజం నొప్పిని మాత్రమే తీసేసింది.