గాజు గది కట్టించుకునేవాళ్లు జాగ్రత్త: చదరపు అడుగు రేటు చూసి అడ్వాన్సు ఇవ్వకండి

కోనసీమలో ఇంటిని ఆనించి మొక్కల కోసం గాజు గది కట్టించుకోవాలని చూస్తున్నారా? కన్సర్వేటరీ అని పేరు చెప్పి తిరుగుతున్న కాంట్రాక్టర్లకు డబ్బు ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి.

మాది రావులపాలెం దగ్గర. కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న ఆంథూరియాలు, ఆర్కిడ్లు పెట్టుకుందామని పెరటివైపు కట్టించాం. కాంట్రాక్టరు ఫోన్లో ఫొటోలు చూపించి, చదరపు అడుగుకు ఇంత అని ఒకటే రేటు చెప్పాడు. పని సగం కాకముందే డబ్బు ముప్పాతిక వంతు పట్టుకెళ్లాడు. ఎండాకాలంలో మొక్కలు మాడిపోయాయి. వానాకాలం వచ్చేసరికి గది ఇంటిగోడను వదిలి పక్కకు జరిగింది, పైకప్పు అద్దాలు పగిలాయి. అడిగితే "మీ నేల అలాంటిదండీ" అన్నాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

నేల అలాంటిదేనండీ. ఆ సంగతి కట్టేవాడికి ముందే తెలిసుండాలి! మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. అతను మెరక తోలించి, దిమ్మిస కొట్టించి, పైన నాలుగంగుళాల కాంక్రీటు పోసి, దానికే స్తంభాలు బోల్టులతో బిగించేశాడు. పునాది అన్నదే లేదు. ఇలాంటి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ రూపొందించింది, అంటే నేలలోకి లోతుగా దిగి, కింద ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు. లోతైన నల్లమట్టిలో అవి కనీసం 3.5 మీటర్లు దిగాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ ఖర్చు భారమనిపిస్తే గది మానుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంకోటి, పాత ఇల్లూ కొత్త గదీ ఒకే తీరుగా కుంగవు. రెండింటినీ బిగదీసి కలపకూడదు, మధ్యలో సందు వదిలి సాగే సీలెంటు పెట్టాలి.

కొటేషన్లో "గ్లాస్" అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకండి. మా పైకప్పుకు మామూలు కిటికీ అద్దం వేశాడు. అది పగిలితే పొడవాటి పదునైన ముక్కలై తలమీద పడుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఎంత ప్రమాదం! వేడిచేసి గట్టిపరిచిన టఫెన్డ్ అద్దమైతే చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. పైకప్పుకైతే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దమే వేయించండి, పగిలినా ఆ పొర పట్టుకుని ఉంచుతుంది. టఫెన్డ్ చేశాక అద్దాన్ని కోయడం కుదరదు. పనివాళ్లు మీ ఇంటి దగ్గర అద్దం కోస్తుంటే అది టఫెన్డ్ కాదని అక్కడికక్కడే పట్టేయొచ్చు.

అతను చూపించిన ఫొటోలన్నీ చలిదేశాలవి. అక్కడ వేడి పట్టి ఉంచడానికి ఆ గదులు కడతారు. మనకు వేడి బయటికి పోవాలి. కప్పు ఎత్తులో తెరుచుకునే కిటికీలు నేల వైశాల్యంలో దాదాపు ఐదో వంతు ఉండాలి, గాలి లోపలికి రావడానికి కింద కూడా దారులుండాలి. షేడ్ నెట్ అద్దానికి బయటివైపు కట్టాలి. లోపల కడితే అప్పటికే వేడి లోపలికి వచ్చేసి ఉంటుంది. మాకు పెట్టింది ఒక తలుపు, పక్కన స్లైడింగ్ కిటికీలు, అంతే.

గాలి సంగతి కూడా రాయించుకోండి. మన తీరానికి ప్రమాణాల్లో పెట్టిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్రేము ఆ గాలికి తట్టుకుంటుందని ఇంజినీరు సంతకంతో కాగితం అడగండి. ఇవ్వనంటే అడ్వాన్సు ఇవ్వకండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. బిల్లులు, వాట్సాప్ మెసేజీలు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు దాచుకోండి. కాంక్రీటు పోసే రోజు మా అబ్బాయి తీసిన ఫొటోలు చూసే, కింద పైల్స్ లేవని ఇంజినీరు మాకు రాసిచ్చారు.